ఎడమ పక్క సీటు

మా ఆయన కారును నేను ముప్పయ్యేళ్ళ పాటు సవతి అనే పిలిచాను. చాటుగా కాదు, ఆయన మొహం మీదే. పొద్దున్నే గుడ్డముక్క పట్టుకుని వాకిట్లోకి పోతుంటే "పోయినవా నీ రెండో పెండ్లాం దగ్గరికి?" అనేదాన్ని. ఆయన అద్దం తుడవడం ఆపకుండానే "అది నీ లెక్క నోరు చేసుకోదు" అనేవాడు. రోజూ ఇదే భాగోతం. వాడకట్టు ఆడవాళ్ళకు మా మాటలు విని నవ్వుకోవడం అలవాటైపోయింది.

అది పాత తెల్ల అంబాసిడర్. గేరు కర్ర కింద ఉండదు, స్టీరింగుకు ఎడమ పక్కన ఉంటుంది. ముందు రెండు సీట్లు ఉండవు, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బల్ల. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనకు మోటారు వైండింగు దుకాణం ఉంది. నల్గొండ పక్క ఊళ్ళ నుంచి రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చి ఆయన ముందు దించేవాళ్ళు. ఎల్బీ నగర్ వెనక, పొలాలన్నీ ప్లాట్లుగా అమ్ముకున్న ఒక ఆసామి ఇంట్లో బోరు బాగుచెయ్యడానికి పోయినప్పుడు, కొట్టంలో కోళ్ళు గుడ్లు పెడుతున్న ఈ కారును చూశాడట. కూలి వద్దు, ఇది ఇవ్వండి అని అడిగి, తాడు కట్టి సైదాబాద్ దాకా లాక్కొచ్చాడు. అప్పటికింకా కిరాయి ఇంట్లో ఉన్నాం, ఈ ఇనుము మనకెందుకని నేను మూడు రోజులు మాట్లాడలేదు. ఆయన రెండేళ్ళు ఆదివారాలన్నీ దాని కిందే పడుకుని, విప్పి, కడిగి, బిగించి రోడ్డెక్కించాడు. సిగ్నల్ దగ్గర ఆగితే బండ్ల మీది పిల్లలు ఫోన్లు తీసి "వింటేజ్ కారు అంకుల్, సూపర్" అనేవాళ్ళు. ఆయన వినపడనట్టు నటించేవాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట నాకు నాలుగుసార్లు చెప్పేవాడు.

ఒక పొద్దున ఆయన గడ్డం గీసుకుని బయటికొచ్చాడు. కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద సబ్బు నురగ అలాగే ఉంది. నేను ముందు గదిలో మిషను మీద ఎవరిదో జాకెట్టు చెయ్యి కుడుతున్నాను. తలెత్తి చూసి పకపకా నవ్వాను.

"గిదేం ఫ్యాషనయ్యా, సగం సగం?"

"ఏం సగం? మొత్తం గీసిన గదా" అన్నాడు.

నేనింకా నవ్వుతూనే ఉన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. రెండడుగులు వేసి, గడప దగ్గర ఎడమ పక్కకు ఒరిగి కూలిపోయాడు.

దవాఖానలో పన్నెండు రోజులున్నాం. మాట పోలేదు, మతి పోలేదు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడేది. నన్నొక్కదాన్నే వరండాలోకి పిలిచింది.

"అమ్మా, కాలు వస్తుందండీ. కర్ర పట్టుకుని నడుస్తారు. చెయ్యి కూడా కొంత రావచ్చు. కానీ ఆయనకి ఎడమవైపు చూపు పోయింది. కళ్ళు బాగానే ఉన్నాయి, మెదడే ఆ పక్కని చూడటం మానేసింది. చూడట్లేదని కూడా ఆయనకి తెలీదు. కాలూ చెయ్యీ వచ్చినా సరే, ఇంక కారు మాత్రం నడపకూడదండీ, ఎప్పటికీ. ఈ మాట మీరే మెల్లగా చెప్పండి."

"చెప్తానమ్మా" అన్నాను. చెప్పలేదు.

మా ఇళ్ళల్లో రోగం సంగతి రోగికి తప్ప అందరికీ తెలుస్తుంది. మా అత్త కడుపులో గడ్డతో పోయింది. చివరిదాకా ఆమెకు గ్యాస్ అనే చెప్పాం. అట్లా దాచడమే ప్రేమ అనుకున్నాం, ఎవరూ తప్పని అనలేదు కూడా. ఇప్పుడూ అంతే. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ పండ్ల సంచి మంచం పక్కన పెట్టి ఒకటే పాట: "ఏం గాదు బావా, రెండు నెలలల్ల మల్ల నీ అంబాసిడర్ల మమ్మల్ని గుట్టకు, దేవుని కాడికి తీస్కపోతవు." బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని "చెప్పకు, మనసు ఇరుగుతది" అనేవాళ్ళు. వాళ్ళను అని ఏం లాభం? మొదటి అబద్ధం నాది. కళ్ళు తెరిచి ఆయన అడిగిన మొదటి మాట "బండి నడపొచ్చంటనా?" అని. "ఎందుకు నడపవు, జర చెయ్యి రానియ్యి" అన్నాను. ఆ క్షణంలో ఆయన మొహం విచ్చుకోవడం చూసి, మంచి పనే చేశాననుకున్నాను.

ఇంటికొచ్చాక అన్నం పెడితే పళ్ళెంలో కుడి సగం తిని, ఎడమ సగం ముట్టుకోకుండా "కూర అయిపాయె, ఇంకొంచెం ఎయ్యి" అనేవాడు. నేను ఏమీ అనకుండా పళ్ళెం తిప్పేదాన్ని. "గిప్పుడేసినవా?" అని మళ్ళీ తినేవాడు. ఆయన ముందు నవ్వి, వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని.

ఆయన మాత్రం నా మాటే నమ్మాడు. రోజూ పొద్దున తాళంచెవి అడిగేవాడు. కర్ర పట్టుకుని మెల్లగా పోయి, కుడి పక్కన కూర్చుని ఇంజను పది నిమిషాలు ఆడించేవాడు. "ఆడియ్యకుంటె బ్యాటరీ పండుకుంటది" అనేవాడు. నేను గేటుకు తాళం వేసి ఆ చెవి నా దగ్గరే పెట్టుకునేదాన్ని. ఆ కారుకు గేరు వెయ్యాలంటే ఎడమ చెయ్యే కావాలి. అందుకని ఆ చెయ్యి మీద పట్టుబట్టాడు. మధ్యాహ్నమంతా తడిగుడ్డ పిండుతూ కూర్చునేవాడు, నొప్పికి పళ్ళు కొరికేవాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కసరత్తు చేయించే అమ్మాయి "అంకుల్ లాంటి పేషెంట్ నాకు ఇంకోలు లేరాంటీ" అని మురిసిపోయేది. ఆయన దేని కోసం అంత కష్టపడుతున్నాడో ఆ పిల్లకు తెలియదు. నాకు తెలుసు.

ఆ కసరత్తుకు వారానికి మూడుసార్లు ఆటోలో పోవాలి. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గర ఆయన చొక్కా గుప్పిట్లో పట్టుకుని కూర్చునేదాన్ని. ఇట్లా కాదని యాభై నాలుగేళ్ళ వయసులో కారు నేర్చుకుంటానన్నాను. ఇన్నేళ్ళూ నేర్పమంటే "నేనున్న గదా, నీకెందుకు" అన్న మనిషి, ఈసారి "నేర్చుకో, నేను లేశేదాంక నువ్వే నడుపు" అన్నాడు. ఎల్బీ నగర్‌లో డ్రైవింగు స్కూల్లో చిన్న కారు మీద నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. అంబాసిడర్ గేరు మాత్రం ఆయనే నేర్పాడు, మా గల్లీలో, ఎడమ పక్కన కూర్చుని.

"క్లచ్చే అది, నీ కుట్టు మిషను గాదు, మెల్లగ ఇడువు! అయ్యో, గేరును గట్ల గుంజుతరా, అది బోరింగ్ పంపా?"

గల్లీ మొత్తం వినపడేలా అరిచేవాడు. నేనూ తక్కువ తినలేదు, "జర నోరు మూస్కో, అటెంక చూడు" అని అరిచేదాన్ని. జబ్బు చేశాక ఆయన అంత హుషారుగా ఉండటం ఆ పది రోజులే చూశాను.

పదకొండో రోజు కుక్క అడ్డమొచ్చింది. బ్రేకు గట్టిగా తొక్కాను. ఆ బల్ల సీటుకు మనిషిని ఆపే బెల్టు లేదు, తల ఆనే చోటు లేదు. కుషను కుంగిపోయింది, రెక్సిను అరిగి నున్నగా అయింది. ఆయన ఎడమకు ఒరిగి, ముందుకు జారి, డాష్‌బోర్డుకు నుదురు కొట్టుకుని కాళ్ళు పెట్టే చోట ఇరుక్కున్నాడు. నలుగురు వచ్చి లేపారు. నుదుటి మీద నెత్తురు కారుతుంటే "నేనే సక్కగ పట్టుకోలే, నీ తప్పేం లేదు" అన్నాడు. సీట్లు మార్పిస్తేనే ఈ కారు కదులుతుంది, లేకపోతే అమ్మి పారేస్తానని ఆ సాయంత్రమే తెగేసి చెప్పాను.

ఒప్పుకోడనుకున్నాను. దాని అసలు రూపు చెడగొట్టొద్దని గొడవ చేస్తాడనుకున్నాను. "మార్పిద్దాం" అన్నాడు. "నడుముకు ఆనేటిది, బెల్టు ఉన్నది. నేను మల్ల నడిపెటప్పటికి నా దిక్కు మంచిది ఉండాలె." నా దిక్కు అంటే కుడి దిక్కు. నాకు అర్థమైంది. సరే అన్నాను.

ఎల్బీ నగర్‌లో మెట్రో స్టేషను దాటాక, జిల్లా బస్సులు తిరిగే రోడ్డుకు కాస్త లోపలగా ఒక సీట్ల మేస్త్రి ఉన్నాడని మా అమ్మాయి కనుక్కుంది. ఆయన్ని వెనక సీట్లో దిండ్ల మధ్య ఇరికించి, నేనే మెల్లగా నడుపుకుంటూ పోయాను. మేస్త్రి యాభై దాటిన మనిషి. కొత్త కార్లలోంచి తీసిన సీట్లను షెడ్డులో ఇనుప చట్రాల మీద వరుసగా నిలబెట్టుకున్నాడు. నేను టేపు తీసి ఆయన కొలతలు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొలతలొద్దమ్మా. కూసునే మనిషే రావాలె, నా కాడ గదే లెక్క."

మనిషిని కూర్చోబెట్టి, కళ్ళు మూసుకొమ్మని, నడుము వెనక అరచెయ్యి దూర్చి చూస్తాడు. ఆది జాకెట్టు లేనిదే కత్తెర పట్టని దాన్ని, అతని పద్ధతి నాకు నచ్చింది.

మొదట మా ఆయన ఒక పెద్ద సోఫా లాంటి సీటు దగ్గరికే పోయాడు. కూర్చోగానే లోపలికి దిగిపోయాడు. "అబ్బ, గిది సీటు!" అన్నాడు.

"మెత్తగనే ఉంటది సార్, గని మెత్తది సుకం గాదు" అన్నాడు మేస్త్రి. "అరగంటకు నడుము కిందికి పోతది. బ్రేకు కొడితే బెల్టు కిందికెళ్ళి మనిషి జారుతడు."

రెండోది పందెం కార్లలో ఉండేలాంటిది. రెండు పక్కలా అంచులు ఇంత ఎత్తున ఉన్నాయి. అందులో ఆయన కదలకుండా బాగా కూర్చున్నాడు కానీ బయటికి రాలేకపోయాడు. మేస్త్రి ఒక పక్క, నేనొక పక్క పట్టి గుంజాం. ముగ్గురమూ నవ్వాం. మూడోది గట్టి ఫోముతో, మధ్యరకం అంచులతో, వీపు నిటారుగా పట్టేదిగా ఉంది. తల ఆనే దిండును మేస్త్రి పైకి జరిపి, "ఇది మెడ కాడ ఉండొద్దు, తల ఎనక ఉండాలె. ఎనక నుంచి ఎవడన్న గుద్దినా మెడ ఇరగది" అని చూపించాడు. రెక్సిను వేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోలేదు. చెమట పడితే రెక్సిను మీద మనిషి జారతాడని వాదించి, ముక్కలన్నీ వేళ్ళతో నలిపి చూసి, గరుకుగా ఉన్న మందపాటి బూడిదరంగు గుడ్డ ఏరాను. మేస్త్రి "అమ్మకు బట్ట ఎరుకున్నది" అన్నాడు. నేను కాస్త గర్వపడ్డాను కూడా.

బెల్టు సంగతి అతను ఓపిగ్గా చెప్పాడు. పాత బండి, కింది రేకు తుప్పు పట్టింది, ఆ రేకుకే బోల్టు వేస్తే గుంజినప్పుడు రేకే ఊడొస్తుంది. కింద మందం ప్లేటు వెల్డింగు చేసి, తలుపు పక్క స్తంభానికి పైన ఒక బోల్టు, కింద రెండు వేస్తే అప్పుడే అది మనిషిని ఆపుతుంది. మా ఆయన ఆ వెల్డింగు గురించి పది ప్రశ్నలు వేశాడు. చేతిపని తెలిసినవాళ్ళు ఇద్దరూ కలిస్తే ఇక నన్ను పట్టించుకున్నవాళ్ళెవరు!

అప్పుడు మేస్త్రి ఆయన్నే కాసేపు చూసి, "సార్ ఎడమకు ఒరుగుతుండు. ఆ పక్క లోపల గట్టి ఫోము ముక్క పెట్టి కుడ్త" అన్నాడు. తర్వాత పుస్తకంలో రాసుకోవడానికి పెన్ను తీసి అడిగాడు.

"సార్ సీటు ఏ పక్కకు బిగియ్యాలె?"

"ఏ పక్కకేందన్నా, స్టీరింగు పక్కకే. బండి నడిపేది నేనే గదా" అన్నాడు మా ఆయన.

మేస్త్రి ఆయన చేతికర్ర చూశాడు, ఒళ్ళో ముడుచుకున్న ఎడమ చెయ్యి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను అట్లాగే రాసుకొమ్మన్నట్టు తల ఊపాను. రెండో సీటు నాకని చెప్పి, కింద మీట తిప్పితే ఎత్తు పెరిగే చిన్న సీటు ఏరుకున్నాం. "పీట ఎయ్యకుంటె ఆమెకు రోడ్డు కనపడదు" అని మా ఆయన ఎగతాళి చేశాడు. కారు అక్కడే వదిలి ఆటోలో ఇంటికొచ్చాం.

మర్నాడు పొద్దున మిద్దె మీదికి పోయి మేస్త్రికి ఫోను చేశాను. నడిపేది నేను, ఆయన కూర్చునేది ఎడమ పక్కన. అబద్ధం నిలబెట్టుకోవడానికి ఆయన్ని ఒరిగితే ఆపని ఆ చిన్న సీట్లో కూర్చోబెట్టలేను కదా.

"అన్నా, పెద్ద సీటు ఎడమకు బిగించు. చిన్నది స్టీరింగు పక్కకు."

"సార్‌కు ఎరుకనా అమ్మా?"

"నేను చెప్త."

"చెప్పుండ్రమ్మా. ప్లేట్లు వెల్డింగు అయినంక పక్కలు మార్చరాదు. వారం పడ్తది. ఈలోపు చెప్పుండ్రి."

"చెప్త అన్న గదా!" అని విసుక్కున్నాను. అతని మీద కాదు ఆ కోపం.

ఆ వారం ఎట్లా గడిచిందో నాకే తెలుసు. మొదటి రోజు చుట్టాలొచ్చారు. రెండో రోజు కసరత్తు పిల్ల "అంకుల్ పట్టు పెరిగింది" అని చెప్పింది, ఆయన ఇంటికొచ్చి ఎడమ చేత్తో నా చిటికెన వేలు పట్టుకుని చూపించాడు. అట్లాంటి రోజున ఎవరైనా చెప్తారా? మూడో రోజు ఆయనకు జలుబు. అమ్మాయికి ఫోను చేసి "నువ్వు చెప్పవే" అంటే "అమ్మా, నాయినకు నువ్వే చెప్పాలె" అంది. "నీకు చేతకాదు గని నాకు చెప్తవా" అని దాన్ని తిట్టి పెట్టేశాను. ఆఖరు రోజు పక్కన కూర్చుని "ఏమయ్యా, ఒక మాట" అన్నాను. "చెప్పు" అన్నాడు, కళ్ళలో కారే మెరుస్తోంది. "రేపు ఏం అంగీ ఏస్కుంటవ్?" అన్నాను.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తల దువ్వించుకున్నాడు. దారిలో ఆటో ఆపించి నాలుగు నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ కొనిపించాడు. ఆటోలో కూర్చున్నంత సేపూ చెప్పొచ్చు. చెప్పలేదు.

కారు షెడ్డు ముందు కడిగి నిలబెట్టి ఉంది. ఆయన కర్ర తాటించుకుంటూ నేరుగా కుడి తలుపు దగ్గరికి పోయి తెరిచాడు. సీటు ముందుకు జరిపి, నా పొట్టి ఒంటికి సరిపోయేలా ఎత్తి పెట్టి ఉంది. వంగి కూర్చోబోయాడు. మోకాళ్ళు స్టీరింగుకు తగిలాయి.

"ఏందన్నా, ఉల్టా బిగించినవా? గిది ఆమె సీటు గదా."

మేస్త్రి నన్ను చూశాడు. నేను నేల చూశాను. ఆ మనిషికీ నాకూ ఏం సంబంధం? అయినా నెత్తిన వేసుకున్నాడు.

"తప్పయింది సార్. పని ఎక్కువై పరేషాన్ల పక్కలు మారినయ్."

చెయ్యని తప్పు పరాయి మనిషి మోస్తుంటే, నేను కొబ్బరికాయ సంచి పట్టుకుని నిలబడ్డాను.

మా ఆయన "చూద్దాం పా" అంటూ కారు ముందు నుంచి చుట్టు తిరిగి ఎడమ తలుపు దగ్గరికి వచ్చాడు. కసరత్తు పిల్ల నేర్పినట్టు మెడ బాగా ఎడమకు తిప్పి, సీటును పైనుంచి కింది దాకా చూశాడు. గుడ్డ నిమిరాడు. తలుపు పక్క స్తంభానికి బెల్టు వేలాడుతోంది. ఎడమ చెయ్యి రాని మనిషి కుడి చేత్తో అందుకుని లాక్కోవడానికి వీలుగా, ఆ బెల్టు కొసకు మేస్త్రి ఒక గుడ్డ పట్టీ వేసి, రెండు వరుసలు గట్టిగా కుట్టాడు. నేను అడగలేదు. అతనే ఆలోచించి చేశాడు. మా ఆయన ఆ పట్టీని పట్టుకుని, కుట్టు వరుసలను బొటనవేలితో తడిమి చూశాడు. జీవితమంతా చేతిపని చేసిన మనిషికి ఏది పొరపాటో, ఏది కావాలని చేసిన పనో ఒకరు చెప్పాలా?

"గింత సక్కగ ఎవ్వరు తప్పు చెయ్యరు" అన్నాడు, మేస్త్రితో కాదు, బెల్టుతో అన్నట్టు. తర్వాత నా వైపు తిరిగాడు.

"డాక్టరమ్మ ఎప్పుడు చెప్పింది?"

"దవాఖానల ఉన్నప్పుడే."

"బిడ్డకు ఎరుకనా?"

"ఎరుకే."

"చూడొచ్చినోళ్ళకు?"

"ఎరుకే."

"మేస్త్రికి?"

మేస్త్రి పక్కకు తిరిగి, అక్కడ లేని దుమ్మును తుడవడం మొదలుపెట్టాడు.

అరుస్తాడనుకున్నాను, కర్ర విసిరేస్తాడనుకున్నాను. ఏదీ చెయ్యలేదు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. కొబ్బరికాయ మేస్త్రి చేత కొట్టించాడు. "పని మస్తుగ చేసినవన్నా, సీటు మంచిగున్నది" అన్నాడు. ఎడమ పక్కన కూర్చుని, కుడి చేత్తో ఆ పట్టీ అందుకుని, నన్ను సాయం పట్టనివ్వకుండా బెల్టు తనే పెట్టుకున్నాడు.

గడ్డిఅన్నారం దగ్గర బండి రెండుసార్లు ఆగిపోయింది. గేరు కర్ర తప్పు పడి కర్రుమని అరిచింది. ఒక్క తిట్టు తిట్టలేదు. "ఏమన్న అనయ్యా" అన్నాను. "మంచిగనే నడుపుతున్నవు" అన్నాడు. ఆ మాట కన్నా చెంపదెబ్బ మేలు.

ఆ మాట నేను చెప్పాల్సింది. ఇంట్లో, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఏడిస్తే ఇద్దరం కలిసి ఏడ్చి. నేనేమో ఒక సీటు చేత చెప్పించాను, రోడ్డు పక్కన, పరాయి మనిషి ముందు. సిగ్గు అనిపిస్తుంది రాయడానికి కూడా.

మర్నాటి నుంచి తాళంచెవి అడగలేదు. తడిగుడ్డ పిండటం మానేశాడు. నెల తిరిగేసరికి ఆ ఎడమ చేతి వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయాయి, కసరత్తు పిల్ల "ఏమైంది అంకుల్‌కి?" అని నన్నడిగింది. సీటు మాత్రం తన పని తను చేసింది. ఒకసారి దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో బస్సు అడ్డమొస్తే బ్రేకు తొక్కాను, ఆయన అంగుళం కదల్లేదు. నడుం నొప్పి లేదంటాడు. ఒరగడు, జారడు.

నన్ను నమ్మడం ఒక్కటే మానేశాడు. కోపంగా కాదు, చాలా మర్యాదగా. బీపీ మామూలుగానే ఉందని నేనంటే, సాయంత్రం అమ్మాయికి ఫోను చేసి మెల్లగా కనుక్కుంటాడు. మందు మారలేదని చెప్తే సీసా మీద పేరు చదువుకుంటాడు. పళ్ళెంలో ఇక ఏమీ లేదంటే తనే ఒకసారి తిప్పి చూసుకుంటాడు.

పోయిన నెల తల స్కానింగు మళ్ళీ తీశారు. దవాఖానలో లిఫ్టు పనిచెయ్యడం లేదు. మూడంతస్తులు ఎక్కలేనని ఆయన కార్లోనే ఉండిపోతే, కాగితాలు పట్టుకుని నేనే పైకి పోయాను. డాక్టరమ్మ చూసి, "చాలా బాగుందండీ, కొత్తగా ఏమీ లేదు, గుండె కూడా బాగుంది. ఇలాగే ఉంటే ఏ భయమూ లేదు" అంది. మెట్లు ఎట్లా దిగానో తెలియదు. రొప్పుకుంటూ వచ్చి తలుపు తీసి కూర్చున్నాను.

"ఏం గాదంటయ్యా! అంత మంచిగున్నదంట! డాక్టరమ్మనే చెప్పింది!"

ఆయన నా మొహంలోకి చూశాడు. నా కళ్ళలో నీళ్ళు ఉన్నాయి, సంతోషంతో వచ్చినవి. ఆయన వాటిని ఇంకోలా చదువుకున్నాడు.

"బీరువాల ఇంటి కాగితాలు బిడ్డకు ఒకసారి చూపియ్యి" అన్నాడు. "దుకాణం తాళాలు గూడ."

"గదేం మాటయ్యా? మంచిగున్నదంటున్న గదా!"

"సరే."

"ఒట్టయ్యా. నీ మీద ఒట్టు. నిజమే చెప్తున్న. పైకి ఫోను చేసి డాక్టరమ్మతోని మాట్లాడిపిస్త, ఆగు."

నా చేతిలోని ఫోనును కుడి చేత్తో మెల్లగా కిందికి దించాడు.

"ఎందుకే? ఆమెకు గూడ నువ్వు ముందే చెప్పి ఉంటవు."

ఎంత ఏడ్చినా, ఎన్ని ఒట్లు పెట్టినా, ఇక నా దగ్గర వేరే మాటలు లేవు. అప్పుడు చెప్పిన మాటలూ ఇవే. ఏం గాదు. మంచిగున్నది. ఆయన నా భుజం మీద రెండుసార్లు తట్టాడు, పోయేవాడు ఉండేవాళ్ళను ఓదార్చినట్టు.

"ఊకో. నాకేం భయం లేదు. నువ్వు పరేషాన్ గాకు" అన్నాడు. "బండి తియ్యి, ఎనకోళ్ళు హారన్ కొడ్తున్నరు."